గాలి 2.1, గడియారం 13.09

2022 ఏప్రిల్, కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 13.09 సెకన్లలో గీత దాటింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజుతో అది చెరిగిపోవాలి. చెరగలేదు. వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు; నిబంధన ఒప్పుకునేది 2.0 వరకే. అంతకు రెండేళ్ల ముందు, 2020 జనవరిలో, మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లోనూ ఇదే తంతు. 13.03 పరిగెత్తింది. అక్కడ డోప్ పరీక్ష చేయలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. ఆ పరుగూ లెక్కలోకి రాలేదు.

ఇలాంటి చోట మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఏమంటాయో మీకు తెలుసు. కసి, పట్టుదల, ఉక్కు సంకల్పం. ఊరు విశాఖ కాబట్టి ఆ ఉక్కు మాట కలం చివరికి మరీ తేలిగ్గా వచ్చేస్తుంది. నేను మాత్రం వాడను. కసి మీద నాకంత నమ్మకం లేదు. కసితో ఒక పూట పరిగెత్తవచ్చు, రెండో పూట కండరం పట్టేస్తుంది.

కోజికోడ్ తర్వాత ఏం జరిగిందో చూడండి. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. ఈసారి గాలి ఎదురుగా వీచింది, కాస్తంతే. రికార్డు ఖాయమైంది. మే 22న ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో 13.11. మే 26న నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడు జాతీయ రికార్డులు. ఆ పదహారు రోజుల్లో ఆమెకు కొత్తగా బలం పుట్టుకు రాలేదు. ఆ పరుగు ఒంట్లో అంతకు ముందే తయారై ఉంది. గాలి అటూ ఇటూ అయినా, కాగితాల మీదికి ఎక్కకపోయినా, ఒంట్లో ఉన్నదాన్ని ఎవరూ కొట్టేయలేరు కదా. అది తయారైన తీరు గురించే ఈ వ్యాసం. క్రీడాకారులకు, పోలీసు దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లకు, అగ్నివీర్ ర్యాలీ కోసం తెల్లవారకముందే బీచ్ రోడ్డెక్కే పిల్లలకు.

జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లల్లో, ఆసుపత్రిలో పనిచేశారు. పోర్ట్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు పొడుగ్గా ఉన్న ఈ పిల్ల హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించింది అక్కడి వ్యాయామోపాధ్యాయుడు. 2016లో హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వెళ్లి ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఎన్. రమేశ్ దగ్గర చేరింది. ఆ తర్వాత గుంటూరు. అక్కడి నుంచి భువనేశ్వర్, బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిలియర్ దగ్గరికి. 2022 అక్టోబరులో బెంగళూరులో 12.82 పరిగెత్తి, అధికారికంగా 13 సెకన్ల లోపు వెళ్లిన తొలి భారతీయురాలైంది. 2023 ఆగస్టులో చెంగ్డూ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78. హైదరాబాద్ వెళ్లిన నాటి నుంచి లెక్కేస్తే ఏడేళ్లు. పాత రికార్డుకీ దీనికీ తేడా 0.60 సెకను. ఆరు నెలల్లో ఫిట్‌నెస్ తెప్పిస్తామని గోడల మీద రాసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఆమె పరుగు కొలతల్లోనే శిక్షణకు సంబంధించిన మొదటి సూత్రం ఉంది. మహిళల హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మొత్తం పది. మొదటిదానికి 13 మీటర్లు, ఆ తర్వాత ఒక్కోదాని మధ్య 8.5 మీటర్లు. ఆ 8.5 మీటర్లలో మూడే అడుగులు పడాలి. నాలుగు వేస్తే కాలు మారిపోతుంది, రెండు వేయడం అసాధ్యం. అంటే అడుగు పొడుగు పెంచుకుని వేగం తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయినట్టే. మిగిలింది ఒక్కటే, ఆ మూడు అడుగులూ మరింత బేగి పడడం. ఎంత బేగి అంటే, పాదం నేల మీద ఉండేది సెకనులో పదోవంతు, అటూ ఇటూగా. అందుకే హర్డిలర్ శిక్షణంతా పాదం నేలకు తగిలిన మరుక్షణం ఎగిరిపోయేలా చీలమండను, పిక్కను బిగువుగా తయారుచేయడం చుట్టూ తిరుగుతుంది. ఆమె చేత రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తించినా అలసట మిగులుతుంది తప్ప హర్డిల్స్ రావు. శరీరం మీరు దేన్ని అడిగితే దాన్నే ఇస్తుంది. వేగం కావాలని మనసులో అనుకుని, దూరం పరిగెత్తితే, అది దూరమే ఇస్తుంది.

ఇప్పుడు మన ఆర్కే బీచ్‌కి రండి. ఇసుకలో పరిగెత్తడం గొప్ప కసరత్తని విశాఖలో ప్రతి కుర్రాడికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సగం నిజం. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీదకంటే సుమారు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూపించారు. కాబట్టి గుండెకూ ఊపిరితిత్తులకూ పని దొరుకుతుంది, కీళ్లకు దెబ్బ తక్కువ తగులుతుంది. బాగానే ఉంది. కానీ ఇసుక పాదాన్ని మింగుతుంది. నేల తిరిగి తన్నే ఊపు అక్కడ ఉండదు. పాదం ఎక్కువ సేపు నేల మీదే ఉండిపోతుంది. 100 మీటర్ల పరుగుకు కావలసినదానికి ఇది సరిగ్గా తలకిందులు. పైగా తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది; ఒకే దిశలో రోజూ పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే. నడుము నొప్పి, మోకాలి పక్క నొప్పి ఎందుకొచ్చాయో తెలియక ఆయింటుమెంట్లు రాసుకునేవాళ్లు ఒకసారి దిశ మార్చి చూడండి. సీజన్ మొదట్లో వారానికి ఒకరోజు ఇసుక సరే. పరీక్ష ట్రాక్ మీద జరిగేటప్పుడు చివరి రెండు నెలలు ట్రాక్ మీదే, కనీసం గట్టి మట్టి మీదే ఉండాలి.

కైలాసగిరి ఎక్కుడు, సింహాచలం మెట్లు విశాఖకు దక్కిన వరాలు. ఎత్తు ఎక్కుతూ వేసే చిన్న చిన్న పరుగులకు సమానమైన శక్తి శిక్షణ జిమ్‌లో డబ్బు పోసినా అంత సులువుగా దొరకదు. అయితే చాలామంది ఎక్కేటప్పుడు ఆయాసపడి, దిగేటప్పుడు ఉత్సాహంగా దూకుతారు. తొడ కండరం సాగుతూ బరువు మోసేది దిగేటప్పుడే. మరునాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. ఎక్కేటప్పుడు పరిగెత్తండి, దిగేటప్పుడు నడవండి.

రెండో సూత్రం పెంచుకుంటూ పోవడం. దీనికి శ్రీకాకుళం జిల్లానే సాక్ష్యం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి పన్నెండేళ్లకు నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. కాంస్యానికీ బంగారానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు! బరువులెత్తేవాళ్ల జీవితమంతా ఆ రెండున్నర కిలోల బిళ్లల చుట్టూనే తిరుగుతుంది. మన జిమ్‌లలో కుర్రాళ్లు మాత్రం వారం తిరిగేసరికి ఇరవై కిలోలు తగిలిస్తారు.

పరుగులో పెంచడం ఎలాగో ఒక లెక్క చెప్తాను. 1600 మీటర్లను మీరు ఇప్పుడు 6 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేస్తున్నారు, 5.30కి రావాలి. అంటే 400 మీటర్ల రౌండుకు 95 సెకన్ల నుంచి 82.5కి దిగాలి. రోజూ 1600 పూర్తిగా పరిగెత్తి గడియారం చూసుకుంటే ఈ పని జరగదు. చాలామంది చేసేది మాత్రం అదే. దాన్ని ముక్కలు చేయండి. 400 మీటర్లు 92 సెకన్లలో, తర్వాత రెండు నిమిషాలు నడక. ఇలా నాలుగు సార్లు. వారానికి ఒకసారే ఈ పని. రెండో వారం ఐదు, మూడో వారం ఆరు. ఆరూ ఒకే వేగంతో వచ్చినప్పుడు విశ్రాంతిని తొంభై సెకన్లకు తగ్గించండి. అదీ అలవాటయ్యాక వేగాన్ని 90కి దించి, మళ్లీ నాలుగు నుంచి మొదలుపెట్టండి. సంఖ్య, విశ్రాంతి, వేగం, ఈ మూడింటిలో ఒకసారి ఒక్కదాన్నే ముట్టుకోవాలి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది దెబ్బతీసిందో మీకూ తెలియదు, మీ కోచ్‌కీ తెలియదు. మిగతా రోజుల్లో ఒకటి గట్టి పరుగు, ఒకటి రెండు బరువుల పని, మిగిలినవి పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మది పరుగు. మాట్లాడలేనంత ఆయాసం వస్తోందంటే అది నెమ్మది పరుగు కాదు. ఈ నెమ్మది రోజుల్ని నామోషీ అనుకునేవాళ్లే మూడో నెలలో కాలి ఎముక నొప్పితో కనిపిస్తారు.

ఇక అన్నిటికంటే తక్కువగా నమ్మేది, అన్నిటికంటే ఎక్కువగా పనిచేసేది విశ్రాంతి. శ్రమ పడుతున్నప్పుడు శరీరం బలపడదు, బలహీనపడుతుంది. కండరంలో సన్నటి చీలికలు వస్తాయి, నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. తర్వాత తిండి, నిద్ర దొరికితే ఆ గుంత పూడ్చుకుని, ముందుకంటే ఓ వేలెత్తు పైకి కడుతుంది. ఒత్తిడికి శరీరం స్పందించే దశల్ని హాన్స్ సెల్యే 1936లో వర్ణించాడు. ఆ తర్వాత తరాల కోచ్‌లు తమ శిక్షణ పట్టికల్ని ఈ ఆలోచన మీదే అల్లుకున్నారు. గుంత పూడకముందే మళ్లీ తవ్వితే? అది మందు పనిచేయలేదని ఒకే రోజు సీసా అంతా తాగేసినట్టు. గట్టి పనికీ గట్టి పనికీ మధ్య నలభై ఎనిమిది గంటలు. ప్రతి నాలుగో వారం మొత్తం శ్రమలో మూడోవంతు కోత. పోటీకి ముందు వారం పది రోజులు పరుగు దూరాన్ని సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం వదలకుండా ఉండడం. ఈ చివరిది చెప్తే పిల్లలు హడలిపోతారు, చేసిందంతా పోతుందేమోనని. పది రోజుల్లో ఏమీ పోదు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే అప్పుడు దమ్ము తగ్గడం మొదలవుతుంది. బలం ఇంకా ఎక్కువ కాలమే నిలబడుతుంది.

మన వైపు పాతకాలం డ్రిల్లు మాస్టార్లకు ఈ సిద్ధాంతాలు తెలుసో తెలియదో గానీ, గ్రౌండులోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న భలే ఉండేది. "ఏట్రా, రాత్రి ఎన్నింటికి తొంగున్నావు?" ఆ ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ఆ రోజు గట్టి పని ఉండదు. ఇప్పుడు చేతికి కట్టుకునే వాచీ అదే ప్రశ్న వేస్తుంది, పదివేలు తీసుకుని.

ఈ ఊళ్లో నిద్రకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. స్టీల్ ప్లాంటు, పోర్టు, వాటి చుట్టూ ఉన్న కాంట్రాక్టు పనులు అన్నీ షిఫ్టుల మీద నడుస్తాయి. రాత్రి నడిచే సి షిఫ్టు దిగి, టీ తాగి, నేరుగా గ్రౌండుకు వచ్చే కుర్రాళ్లున్నారు. వాళ్ల క్రమశిక్షణకు దండం పెట్టాలి, ఆ పద్ధతికి మాత్రం కాదు. రాత్రంతా మేలుకున్న ఒంటితో గరిష్ఠ వేగం పరుగు, భారీ బరువులు పెట్టుకోవద్దు. ముందు చీకటి గదిలో నిద్ర, సాయంత్రం శిక్షణ. సి షిఫ్టు వారాన్నే మీ తేలిక వారంగా చేసుకోండి. పట్టికను మీ జీవితానికి తగ్గట్టు కోసుకోవాలి. ఒలింపిక్ విజేత పట్టికను ఫోన్‌లో చూసి దించుకున్నవాడికి ఆ విజేత మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాడన్న సంగతి కనబడదు.

జిమ్ గురించి రెండే మాటలు. అద్దంలో కనిపించే కండలు ఛాతీ, చేతులు. పరిగెత్తించే కండలు పిరుదులు, తొడ వెనక భాగం, పిక్కలు. అవి అద్దంలో కనిపించవు కాబట్టి వాటికి దిక్కులేదు. పరుగుకు ముందు కదా అని నిమిషాల తరబడి కాలు చాపి సాగదీయకండి, పేలుడు శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది. పది నిమిషాలు మెల్లగా జాగింగ్, మోకాళ్లు ఎత్తే డ్రిల్స్, కాళ్ల ఊపులు, రెండు మూడు చిన్న పరుగులు చాలు. సాగదీత సాయంత్రం ఇంట్లో చేసుకోవచ్చు.

విశాఖలో ఎండకంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడి తేమలో అది ఆరదు, కారిపోతుంది. శిక్షణకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరుకు పైగా నీళ్లు బాకీ. ఒట్టి నీళ్లకంటే ఉప్పేసిన మజ్జిగ మేలు. చల్లటి ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఈ వాతావరణం ఒంటపట్టడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ లోపు టైమింగ్ చూసి బెంగపడకండి. తిండికి వేల రూపాయల డబ్బాలు అక్కర్లేదు. చోడి అంబలి, పప్పు, గుడ్లు, పెరుగు, చేపల రేవులో దొరికే చిన్న చేపలు. బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు వీటితోనే అందుతాయి. డబ్బా కొనే ముందు ఇంకో సంగతి. అందులో నిషేధిత పదార్థం కలిసి ఉంటే, "నాకు తెలియదు" అన్న జవాబు డోపింగ్ నిబంధనల ముందు నిలవదు. ఒంట్లో దొరికినదానికి క్రీడాకారుడిదే బాధ్యత.

అమ్మాయిలకు ఒక మాట, మన కోచ్‌లు సిగ్గుపడి దాటేసేది. శిక్షణ పెరిగాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తు కాదు. చేసే పనికి తగ్గ తిండి పడటం లేదని శరీరం వేసే కేక. ఎముకలు గుల్లబారడం అక్కడే మొదలవుతుంది. డాక్టరుకు చూపించుకోవాలి, రక్తంలో ఇనుము కూడా కొలిపించుకోవాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానేయండి. తిన్నదాంట్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అది అడ్డుపడుతుంది.

ఇంతా చేసి, మనసు సంగతేమిటి? నేను మానసిక స్థైర్యాన్ని వేరే సబ్జెక్టుగా చూడను. 2023 అక్టోబరు 1, హాంగ్జౌ ఆసియా క్రీడలు. ఫైనల్లో చైనా అమ్మాయి వు యన్ని తుపాకీకంటే ముందే కదిలింది, ఆ కదలికకు పక్క లేన్లో జ్యోతీ కదిలింది. అధికారులు ఇద్దరినీ తప్పుబట్టారు. జ్యోతి వాదించింది, వీడియో చూడమంది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత గందరగోళం తర్వాత మళ్లీ బ్లాకుల్లో కాళ్లు పెట్టి 12.91 పరిగెత్తింది. మూడో స్థానం, వు యన్నిని అనర్హురాలిగా తేల్చాక అది వెండి పతకమైంది. ఆ నిమిషంలో ఆమెకు ధైర్యం చెప్పిన సూక్తి ఏదో నాకు తెలియదు గానీ, ఒకటి ఊహించగలను. బ్లాకుల నుంచి మొదటి హర్డిల్ వరకు ఆ 13 మీటర్లను ఎన్ని వేలసార్లు పరిగెత్తి ఉంటుందో! తల వేడెక్కినా కాళ్లకు దారి తెలుసు. వాదించడానికి కూడా నిబంధన తెలిసి ఉండాలి. అదీ తయారీలో భాగమే.

2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో వాన వెలిసాక, ప్రేక్షకులు లేని స్టేడియంలో 12.96 పరిగెత్తి ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. చప్పట్లు లేకపోతే ఊపు రాదనేవాళ్లు ఆ వీడియో చూడవచ్చు. అలాగని అన్నీ గెలుపులే కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్‌లో 13.16, ఏడో స్థానం, రెండో అవకాశంగా ఇచ్చే రెపెషాజ్‌లో 13.17, నాలుగో స్థానం. అక్కడితో ఆగిపోయింది. 12.78 ఒంట్లో ఉన్న మనిషి ఆ రోజు 13.16 పరిగెత్తింది. శిక్షణ గెలుపుకు పూచీ ఇవ్వదు. మామూలు రోజున మీరెంత పరిగెత్తగలరో ఆ స్థాయిని కాస్త పైకి జరుపుతుంది, అంతే. ఆ కాస్తనే నోటు పుస్తకంలో కొలుచుకోవాలి. పొద్దున్నే మంచం దిగకముందు నాడి, రాత్రి నిద్ర గంటలు, చేసిన పని, అది పదికి ఎంత కష్టమనిపించిందో ఒక అంకె. ఆ అంకెను శిక్షణ నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం వస్తుంది. గంట శిక్షణ, కష్టం ఏడు అయితే 420. వారం మొత్తం కూడి, పోయిన వారంతో పోల్చండి. ఒక్కసారిగా ఎగబాకిందంటే, ఎంత ఉత్సాహంగా ఉన్నా తగ్గించండి. నాడి మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటున్న రోజు నెమ్మది పరుగుతో సరిపెట్టండి.

ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్లకూ దెబ్బలు తగులుతాయి. 2025లోనే జ్యోతికి మోకాలి లిగమెంట్ దెబ్బతింది. ఏసీఎల్ అనే ఆ లిగమెంట్‌కు శస్త్రచికిత్స జరిగినవాళ్లు తొమ్మిది నెలల లోపు మైదానంలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మన దగ్గర కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు నాలుగో నెలకే బూట్లు కట్టేస్తారు, నొప్పి లేదు కదా అని. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు. మీరూ అలాంటి దెబ్బ నుంచి లేస్తున్నట్టయితే తొమ్మిది నెలలు నిండాక ఫిజియో దగ్గరికెళ్లి ఒంటికాలి గెంతు కొలిపించుకోండి. బాగున్న కాలితో పోలిస్తే దెబ్బతిన్న కాలు తొంభై శాతమైనా గెంతకపోతే, సెలక్షన్ రేపే ఉన్నా సరే, ఈసారికి పేరు ఇవ్వకండి.